చెరిపినా వచ్చే పేరు

పొద్దున అమ్మ ఒకే కుండలో రాగి సంగటిని మూడు రకాలుగా చేసింది. పళ్ళు లేని అవ్వకు జారుగా, నాన్నకు గట్టిగా, అన్నకు నెయ్యి వేసి. ఎవరికెలా కావాలో అంతా ఆమె తలలోనే ఉంటుంది. తింటూ తింటూ నాన్న, "ఇంట్లో కూర్చునేదానికి నీకేం పని ఉండాది?" అన్నాడు. అమ్మ నవ్వి ఇంకో ముద్ద వడ్డించింది. నాకు నవ్వు రాలేదు. మాటలతో గెలవడం నాకు రాదు. నాకు రాతే వస్తుంది.

ధర్మపురి కంప్యూటర్ సెంటర్‌లో చేరి ఆరు నెలలయింది. దాన్ని నడిపే సదాశివం సార్ ఇంట్లోనూ మాలాగే తెలుగే అని, ఈ తమిళ ఊళ్ళో నాన్న నన్ను అక్కడికే పంపించాడు. ఈ నెలతో చాలు, ఇక మానెయ్యమంటున్నాడు. అక్కడ ఆడపిల్లను నేనొక్కతెనే. అందుకని వెనక గదిలో టీ కాచే స్టవ్ నాది.

సార్ ఒక లైబ్రరీ రాశారు. పుస్తకాలది కాదు. తమిళ అక్షరాలు అచ్చు వేయడం వంటి పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాముల మూట. ఎవరు పిలిచినా పలుకుతుంది, పని చేస్తుంది, పేరు మాత్రం ఎక్కడా కనపడదు. దాన్ని చూస్తే నాకు అమ్మే గుర్తొస్తుంది.

మా దగ్గర మెషీన్లు రెండు. చిన్నదాన్ని నడిపేది డాస్, పెద్దదాన్ని నడిపేది యూనిక్స్. ఒకదాని ఆదేశాలు ఇంకొకదానికి సరిపోవు. పేర్ల మధ్య పెట్టే గీతను ఒకటి ఇటు వాల్చమంటే, రెండోది అటు వాల్చమంటుంది. మెషీన్ మారినప్పుడల్లా సార్ లైబ్రరీని తయారుచేసే ఆదేశాల జాబితాను మొదటినుంచి రాసి, తప్పు వస్తే నన్ను తిట్టేవారు. అది పడలేక నేనొక ప్రోగ్రాము రాశాను. మెషీన్ పేరు చెబితే చాలు, లైబ్రరీని తయారుచేసే జాబితాను దానికి తగ్గట్టు అదే రాసిపెడుతుంది. అవ్వకు జారుగా, నాన్నకు గట్టిగా. ప్రతి జాబితా మొదట్లో ఒక వరుస, తెరమీద కనిపించేలా: చేసినది మారమ్మ, నల్లంపల్లి. ఎవరైనా పెద్దవాళ్ళు చూస్తే నాన్న నన్ను మాన్పించడని ఆశ.

"బాగుండాది మారీ. నీ పేరెందుకు? ఆడబిడ్డ చేసిందంటే సేలమోళ్ళు తీసుకోరు" అన్నారు సార్. ఆ లైబ్రరీని కొనడానికి సేలం ఆఫీసువాళ్ళు రావాల్సి ఉంది.

ఈరోజు సేలం వాళ్ళు వచ్చేముందు, రెండు జాబితాల్లోనూ సార్ నా పేరు చెరిపేశారు. నేను చూస్తూనే ఉన్నాను. చెరపాల్సింది జాబితాల్లో కాదు, వాటిని రాసే ప్రోగ్రాములో. అడిగితే చెప్పేదాన్నేమో. ఆయన టీ అడిగారు.

వచ్చినవాళ్ళలో పెద్దాయన ధర్మరాజ్ గారు. సార్ చిన్న మెషీన్ దగ్గర కూర్చుని, నా ప్రోగ్రాముకు ఆ మెషీన్ పేరు కొట్టారు. జాబితా కొత్తగా పుట్టింది. తెరమీద నేను. ఏదో పాతది మిగిలిపోయిందని నవ్వి, చెరిపి, పెద్ద మెషీన్‌కు మారారు. అక్కడా నేనే. చెరిపారు, మళ్ళీ పుట్టించారు, మళ్ళీ నేనే. ధర్మరాజ్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని, ఈ మారమ్మ ఎవరని అడిగారు. టీ ఇచ్చే పిల్ల అని సార్ చెప్పారు. ధర్మరాజ్ గారు ట్రేతో నిలబడ్డ నన్ను చూసి, మా ఆఫీసులో ఇంకో రకం మెషీన్ ఉంది, నీ ప్రోగ్రాము దానికి కూడా జాబితా రాస్తుందా అని నన్నే అడిగారు.

సార్ నా దగ్గరికొచ్చి, వాళ్ళకు తెలియకూడదని తెలుగులో గొణిగారు.

"ఎక్కడ చెరపాలో చెప్పు మారీ. మానం పోతా ఉండాది."

నేను ట్రే ఆయన చేతిలో పెట్టాను.

"పాలు పొంగుతా ఉండాయి సార్, పోయి చూడండి" అని చెప్పి, ఆయన కుర్చీలో కూర్చున్నాను.