ఎవరో కాచిన వేన్నీళ్ళు

నూర్ బీకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. రాయచోటి సంతలో పావుకిలో పచ్చిమిరపకాయలు కొన్నా తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసే మనిషి. కువైట్ వచ్చి మిష్రిఫ్‌లో ఒక పెద్దింట పనికి కుదిరాక ఆ గుణం ఇంకాస్త పదునెక్కిందే తప్ప తగ్గలేదు. అలాంటి మనిషికి తెల్లారకముందే వంటింట్లో గిన్నె వెచ్చగా తగిలితే ఊరుకుంటుందా?

సంగతేమిటంటే, ఆమె వేళ్ళు కొన్నాళ్ళుగా మాట వినడం లేదు. నిద్ర లేచేసరికి పిడికిలి పడదు. కణుపులు ఎర్రగా ఉబ్బి, తడిగుడ్డ పిండాలంటే ప్రాణం పోతుంది. అందుకే ఎవరూ లేవకముందే వేన్నీళ్ళు కాచుకుని, చేతులు ముంచుకుని కూర్చునేది. రాయచోటిలో ఆమె ఇంటికి గోడలు లేచాయి, పైకప్పు పడలేదు. చేతులు పోతే పని పోతుంది, పని పోతే ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, పోతుంది. ఆ పైన ఆ గోడలు వానకు నానాల్సిందే.

ఎనభై నాలుగు చలికాలంలో ఒకరోజు ఆమె పొయ్యి ముట్టించబోతే గిన్నె అప్పటికే వెచ్చగా ఉంది. మర్నాడూ అంతే. బండ మీద నీళ్ళ మరకలు. ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అనేవాళ్ళు. 'మామాకు తెలిసిపోయింది. నేనేం చేస్తున్నానో దొంగచాటుగా కనిపెడుతోంది' అనుకుంది.

ఆ వారంలోనే ఆ ఇంటి డ్రైవరు హుస్సేన్ వలి ఒక కబురు మోసుకొచ్చాడు.

"అక్కా, మామా నీ కోసరం డాక్టర్ను వెతకమనింది. ఎముకల డాక్టరు కాదంట, ఉత్త కీళ్ళు చూసేటోడు వేరే ఉంటాడంట. షువైఖ్ గ్యారేజీల్లో అందర్నీ అడిగి కనుక్కున్యా. హైదరాబాదాయన, అబ్దుల్ ఖుద్దూస్. ఈ చుట్టుపక్కల డాక్టరు మాత్రం వద్దనింది మామా. మనల్ని ఎరగనోళ్ళుండే తావు కావాలంట."

"పనిమనిషి కోసరం కారేసుకొని దూరం పొయ్యే మామా యాడన్నా ఉంటాదా వలీ?"

"ఏమో మరి."

"ఏమో కాదు. పక్కింట్లో పన్జేసే చిన్నక్కను గూడా డాక్టరనే పిల్చకపోయినారు. రక్తం తీసినారు. ఖలాస్! ఆ వారమే విమానమెక్కిచ్చినారు."

రక్తం తీస్తే టికెట్టు తీసినట్టేనని ఆ వీధి పనివాళ్ళ లెక్క. ఇఖామా కోసం చేసే మెడికల్ తప్ప వేరే పరీక్ష వాళ్ళు ఎరగరు. కాబట్టి ఇదీ అలాంటి పరీక్షేననుకుని నూర్ బీ ఎలాగైనా నెగ్గాలనుకుంది. వెళ్ళే ముందురోజు రెండు చేతులకూ మణికట్టు దాకా దట్టంగా గోరింటాకు పెట్టుకుంది. ఎరుపులో ఎరుపు కలిసిపోతుందని ఆమె తెలివి.

"పెండ్లికి పోతాండావా అక్కా?" అని వలి నవ్వాడు.

"నోర్మూసుకొని బండి తోలు."

మామా పైన వేసుకున్న నల్లటి అబాయాలో చేతులు దాచుకుని, దారి పొడవునా కిటికీ బయటికే చూసింది. తప్పు చేసేవాళ్ళే అలా ఉంటారని నూర్ బీ మరింత గట్టిగా నమ్మింది.

డాక్టరు తెలుగులోనే పలకరించాడు. మనవాడే కదా అని ఆమె సంబరపడలేదు. మనవాడైతే అబద్ధం ఇంకా తొందరగా పట్టేస్తాడు.

"పొద్దుగాల లేస్తే వేళ్ళు బిగుసుకపోతున్నయా అమ్మా?"

"లేదు సార్."

"ఎంతసేపటికి సాగుతయ్?"

"బిగుసుకుంటే కదా సార్ సాగేది."

ఆయన ఆమె చేతిని అడ్డంగా పట్టుకుని కణుపులన్నీ కలిపి మెల్లగా నొక్కాడు. నూర్ బీకి చుక్కలు కనిపించాయి. అయినా పళ్ళు బిగబట్టి నవ్వింది. పాపం, ఆ నవ్వు చూస్తే రాయికైనా జాలేస్తుంది.

డాక్టరు మామా వైపు తిరిగి అరబ్బీలో ఏదో అన్నాడు. నూర్ బీకి అరబ్బీ వంటింటి మేరకే వచ్చు. నొప్పి లేదంటోందని చెప్పాడని మాత్రం అర్థమైంది. గండం గడిచిందని లేవబోతుంటే, ఆయన కళ్ళు అబాయాలో దాచుకున్న మామా చేతుల మీద పడ్డాయి, అవీ చూపించమన్నాడు. మామా తలుపు వంక చూసింది. తర్వాత మెల్లగా అబాయాలోంచి చేతులు తీసింది.

మణికట్టు దాకా గోరింటాకు. దట్టంగా, ఎర్రగా.

డాక్టరు ఆ కణుపులు నొక్కితే మామా కూడా నవ్వింది. అచ్చం అదే నవ్వు.

నూర్ బీకి గిన్నె గుర్తొచ్చింది. "మామా, మాయ్ హార్?" అంది. వేన్నీళ్ళు నీకోసమేనా అని.

మామా తల దించుకుని చాలాసేపు చెప్పింది. డాక్టరు దాన్ని తెలుగులో చెప్పాడు. కూతురి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. తల్లికి కీళ్ళ రోగమని తెలిస్తే అవతలివాళ్ళు వెనక్కి పోతారని ఆమె భయం. నూర్ బీ చేతులు చూశాక, పనిమనిషి పేరు చెప్పి తనూ చూపించుకోవచ్చని ధైర్యం వచ్చిందట.

"నావీ అంతే సార్." నూర్ బీకి ఏడుపు ఆగలేదు. "పొద్దు బారెడెక్కేదాకా పిడికిలి పడదు. ఇంటికి పంపిస్తారని చెప్పలా."

"ఇద్దరూ ఇద్దరే! ఇది అంటుకునే రోగం గాదు. ఒళ్ళు తన కీళ్ళనే దొంగలనుకొని వాటి మీద పడ్తది. మందు మెల్లగ పనిచేస్తది, నెలనెలా రావాలె. ఇంకా దాస్తే వేళ్ళు వంకర పోతయ్."

ఇద్దరికీ రక్తం తీశారు.

ఇంట్లో మాత్రం రోగం పేరు నూర్ బీ ఒక్కదాని మీదే పడింది. ఆ సాయంత్రం తలుపు వెనక నిలబడిన ఆమెకు మామా భర్త బాబా గొంతు వినిపించింది. ఆమెకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలే చాలాయి: రోగిష్ఠిది మనకెందుకు, పంపించేసి ఇంకొకతెను తెప్పిద్దామంటున్నాడు.

"లా!" వద్దంటే వద్దని మామా అరిచింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా అరవడం నూర్ బీ ఎన్నడూ వినలేదు. నూర్ ఎక్కడికీ పోదు, నెలనెలా నేనే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను అంది.

ఆ అరుపు తన కోసమా, మామా చేతుల కోసమా? నూర్ బీ తక్కెడ కింద చెయ్యి పెట్టి మరీ చూసింది. తేలలేదు.

తెల్లవారి వంటింట్లోకి వస్తే మామా గిన్నెలో చేతులు ముంచుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆమెను చూసి కొంచెం పక్కకు జరిగింది. నూర్ బీ అలవాటు కొద్దీ ముందు ఒక వేలు ముంచి చూసి, తర్వాత రెండు చేతులూ పెట్టింది. నాలుగు చేతులకు గిన్నె ఇరుకైంది.

"రేపట్నుంచి పెద్దది పెడతాలే మామా," అంది తెలుగులోనే.