నవ్వని మొహం

మంచు కురవడం కళ్లారా చూడాలని మా పిన్నికి ఎప్పటినుంచో ఆశ. తన బేకరీ పనులు చెల్లెలికి అప్పగించి వీసాకు దరఖాస్తు పెట్టుకుంది. ఫొటోలో నవ్వకూడదన్నది వీసా ఆఫీసు వాళ్ల నియమం. పిన్ని పెదవుల చివరలు పుట్టుకతోనే పైకి తిరిగి ఉంటాయి. తిట్టినా నవ్వినట్టే ఉంటుంది. ఫొటో రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి నన్ను వెంటబెట్టుకుని తానే వీసా ఆఫీసుకు వెళ్లింది.

కౌంటరులో ఉన్న ఉద్యోగిని కొత్త ఫొటో చూసి, “మళ్లీ నవ్వారేంటండీ?” అంది.

“నవ్వలేదమ్మా, నా మొహమే అంత. మా ఆయన పోయిన రోజు కూడా చుట్టాలు నన్ను వింతగా చూశారు.”

ఆమె ఫొటో కింద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని పిన్ని మొహాన్ని పరీక్షగా చూసింది.

“మరి నిజంగా నవ్వితే ఎలా ఉంటారు?”

“అడగ్గానే నవ్వొస్తుందా తల్లీ? పైగా నువ్వేమో మా పిల్లి బన్ను వంక చూసినట్టు చూస్తున్నావు!”

ఆ మాటకు ముందుగా నవ్వింది పిన్నే. కళ్లు మూసుకుపోయాయి, బుగ్గలు సొట్టలు పడ్డాయి, భుజాలు ఊగిపోయాయి. అవతల ఆమె కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఇదండీ నవ్వంటే! ఫొటోలో ఉన్నది ఇది కాదు,” అంటూ ఫొటో తీసుకుని ఫైల్లో పెట్టింది.

వారం తిరక్కుండానే వీసా వచ్చింది.