మామగారు చేసిన ఇంటర్వ్యూ

తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా చెన్నైకి పోయే దారిలో, వడమాలపేట దాటీ దాటగానే మునస్వామి బెల్లం అంగడి ఉంది. కొండమీద దర్శనం చేసుకుని ఊళ్ళకు తిరిగిపోయే కార్లు అక్కడ ఆగుతాయి. ఆగినవాళ్ళ చేతిలో కాసిన్ని వేడివేడి శనక్కాయలు, ఓ చిన్న బెల్లంముక్క పెట్టందే ఆ అంగట్లో ఎవరూ బేరం మొదలుపెట్టరు.

ఒకరోజు చెన్నై పెద్దాయన ఒకరు బెల్లం చప్పరిస్తూ, మాటల మధ్యలో, "మీ కోడలు ఏం చేస్తారు?" అని అడిగారు.

"ఏమీ లేదు సామీ. ఎంబీయే చదివింది. ఇప్పుడు ఇంట్లో ఖాళీగానే ఉండాది" అన్నాడు మునస్వామి.

ఆ ఖాళీగా ఉన్న మనిషి సరిగ్గా ఆ సమయంలో చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరితోనో తమిళంలో మాట్లాడుతూ, రెండు చేతులతో బెల్లం పొట్లాలకు చెన్నై చిరునామాలు అంటిస్తూ, కళ్ళతో మాత్రం పెనంమీద శనక్కాయలు మాడకుండా చూస్తోంది.

పాఠకులారా, మునస్వామి చెడ్డవాడు కాదు. కోడలిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆమె అన్నం తినకపోతే తానూ తినడు. కానీ కళ్ళెదుట జరిగే పని ఆయనకు కనపడదు. ఈ జబ్బు మంచివాళ్ళకే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఆయనను చూసి నవ్వేముందు మనం ఒకసారి మన ఇంట్లోకి తొంగిచూసుకోవడం మేలు.

పవిత్ర పెళ్ళికి ముందు చెన్నైలో ఒక కంపెనీలో పనిచేసింది. పెళ్ళయ్యాక వడమాలపేట వచ్చింది. భర్త బాలచంద్ర చెరకుతోట, గానుగ చూసుకుంటాడు. అంగడి మామది. మళ్ళీ ఉద్యోగంలో చేరాలని పవిత్రకు గంపెడాశ. దరఖాస్తులో పెళ్ళి తరువాతి సంవత్సరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏం రాయాలో తోచక వదిలేసేది. అది చూసి కంపెనీలు ఆమెను పక్కన పెట్టేవి. లేని కంపెనీ పేరేదైనా రాసేయమని తెలిసినవాళ్ళు సలహా ఇచ్చారు గానీ ఆమెకు మనసొప్పలేదు.

చివరికి హైదరాబాదులోని ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. చిన్న అంగళ్ళవాళ్ళు ఫోనులోనే సరుకుల లెక్క చూసుకునే యాప్ ఒకటి ఆ కంపెనీ అమ్ముతుంది. దానికి మార్కెటింగ్ మేనేజరు కావాలి. ఇంటినుంచే పని. ఇది కూడా తప్పిపోతే ఇక ఉద్యోగం మాట ఎత్తకూడదని పవిత్ర తనలో తాను నిశ్చయించుకుంది.

ఇంటర్వ్యూ శుక్రవారం పదకొండింటికి అనేసరికి మునస్వామి గుండెల్లో రాయి పడింది.

"శుక్రవారం పదిన్నర నుంచి రాహుకాలం గదమ్మా. మార్చమని అడగరాదా?"

"కంపెనీవాళ్ళకు రాహుకాలం ఉండదు మామా."

"వాళ్ళకు లేకపోతే మనకుండాది గదా."

మునస్వామికి ఒక ఉపాయం తోచింది. ప్రయాణానికి వేళ బాగాలేనప్పుడు, మంచి గడియలోనే సంచీ తీసుకుపోయి పక్కింట్లో పెట్టి వస్తారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. సంచీ కదిలితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తరువాత ఎప్పుడు పోయినా దోషం లేదు.

"పదిన్నర లోపల ఆ లింకు నొక్కి పెట్టెయ్యి. కంప్యూటరు ముందు పోయి ఉంటాది. నువ్వు వెనక నిమ్మళంగా పోవచ్చు" అన్నాడు.

ఇంటర్వ్యూకు ప్రస్థానం పెట్టిన మొదటి మనిషి మునస్వామే అయి ఉండాలి. మామ మనసు కష్టపెట్టడం ఎందుకని పవిత్ర పదింబావుకే లింకు నొక్కి, అంగడి వెనక గదిలో లాప్‌టాప్ తెరిచి పెట్టింది. 'వేచి ఉండండి' అన్నట్టు తెర మీద ఏదో తిరుగుతోంది. ఇంతలో ఫోను మోగింది. చెన్నైలో స్థిరపడిన తెలుగావిడ ఒకరు, తమిళుల ఆడినెలలో వచ్చే ఆడికృత్తిక పండగకు తెప్పించుకున్న బెల్లం నల్లగా ఉందనీ, పాత సరుకు అంటగట్టారనీ కోపంగా ఉన్నారు.

"పాతది కాదక్కా" అంది పవిత్ర, తెరకు వీపు పెట్టి నిలబడి. "పసుప్పచ్చగా తేలేదానికి కొందరు మందు కలుపుతారు. మేము కలపము. అందుకే ఈ రంగు. నా మాట నమ్మొద్దు మీరు. ఈ పొద్దు దీంతోనే పొంగలి చేసి పిల్లోళ్ళకు పెట్టండి. వాళ్ళు ఇంగా కావాలనకపోతే మొత్తం వాపసు తీసుకుంటాను."

ఆవిడ చల్లబడి ఫోను పెట్టేశారు. పవిత్ర పొట్లాలు కడుతున్న అత్త శకుంతలమ్మ వైపు తిరిగింది.

"అత్తా, ఇంగమీద ప్రతి పొట్లంలో ఈ రంగెందుకో రాసి ఒక చీటీ పెడదాం. ఈయమ్మ కోప్పడింది కాబట్టి తెలిసింది. కోప్పడకుండా మానుకున్నోళ్ళు ఎంతమందో."

"బాగా చెప్పారు" అన్న మాట వెనకనుంచి వినపడి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

తెరమీద ఒకావిడ నవ్వుతూ కనిపించింది. పేరు రూపశ్రీ, ఆ కంపెనీలో మార్కెటింగ్ పెద్ద. అంతకుముందు రావలసిన అభ్యర్థి రాకపోవడంతో, ముందే వచ్చి కాచుకున్న పవిత్రను లోపలికి రానిచ్చింది. రెండుసార్లు పలకరించినా ఫోను హడావిడిలో వీళ్ళకు వినపడలేదు.

పవిత్ర గాభరాగా వచ్చి కుర్చీలో కూర్చుంది. రూపశ్రీ దరఖాస్తు చూస్తూ అడిగింది.

"పెళ్ళి తరువాత ఇన్నేళ్ళు ఏం చేశారు?"

"ఏమీ లేదు మేడమ్. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను."

విని విని అలవాటైన మాట నోటివెంట తానుగా వచ్చేసింది. అది అబద్ధమని, చెప్పిన మనిషికే తెలియదు. అంతకన్నా బాధ ఏముంటుంది?

"మరి ఇందాక ఫోనులో మాట్లాడిందెవరు?" అంది రూపశ్రీ. "ఉద్యోగం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఈ అంగట్లో మీరు వచ్చాక ఏమేం మారిందో చెప్పండి."

పవిత్ర మొదట తడబడింది. కారులో పోయేవాళ్ళు పెద్ద బెల్లం దిమ్మలు మోయలేరని అరచేతిలో ఇమిడే అచ్చులు పోయించింది తనే. రుచి చూపనిదే బేరం ఆడకూడదని నియమం పెట్టింది తనే. ఒకసారి కొన్నవాళ్ళకు ఆడినెల రాకముందే తమిళంలో తన గొంతుతో కబురు పంపేదీ తనే. చెప్పేకొద్దీ ఆమె గొంతు నిలదొక్కుకుంది. ఇంత చేశానా అని చెబుతున్న ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"మేము ఇచ్చే ఉద్యోగం ఇదేనండీ. మీరు జీతం లేకుండా చేస్తున్నారు, అంతే తేడా" అంది రూపశ్రీ. "ఆ ఖాళీలో మీ అంగడి పేరు రాసి, దరఖాస్తు మళ్ళీ పంపండి."

ఇంకో విడత ఇంటర్వ్యూ అయ్యాక ఉద్యోగం ఖాయమైంది. ఇదంతా ప్రస్థానం మహిమేనని మునస్వామి వీధంతా చాటాడు. పవిత్ర కాదనలేదు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. అంగట్లో పవిత్ర స్థానంలో ఒక మనిషి కావాలి. పుత్తూరు మిఠాయి అంగట్లో పనిచేసిన ధనశేఖర్ అనే కుర్రవాణ్ణి పిలిపించారు. ఈసారి ఇంటర్వ్యూ చేసేది మునస్వామి. ఇస్త్రీచొక్కా తొడుక్కుని దర్జాగా కూర్చున్నాడు.

"పనేం పెద్దగా లేదప్పా. వచ్చినోళ్ళకు రుచి చూపించల్ల. ఫోనొస్తే మాట్లాడల్ల. తమిళం వచ్చునా?"

"వచ్చును పెద్దాయనా."

"పొట్లాలు పంపించల్ల. పోయినాయో లేదో కనుక్కోవల్ల. పండగలకు ముందు అందరికీ కబురు పెట్టల్ల. గానుగకాడ ఎంత సరుకుండాదో సూసుకోవల్ల."

"కోప్పడినోళ్ళను బుజ్జగించల్ల" అని శకుంతలమ్మ పొట్లాలు కడుతూనే అందించింది.

ధనశేఖర్ తల గోక్కున్నాడు. "ఇది ఇద్దరి పని పెద్దాయనా. ముందు ఎవరు చేస్తా ఉండినారు?"

"మా కోడలు."

"ఆయమ్మకు జీతం ఎంత ఇస్తా ఉండినారు?"

అడిగినవాడు మామూలుగానే అడిగాడు. ఆ మామూలు ప్రశ్నకే మునస్వామి మనసు చివుక్కుమంది. ఆయన పక్కనే చీటీలు రాస్తున్న పవిత్ర వైపు చూసి తల దించుకున్నాడు.

"ఏమీ ఇయ్యలేదప్పా. అది పని అని గూడా అనలేదు."

"నా పనికి గూడా ఒకన్ని పిలిచి అడిగి సూడు. సగం చెప్పేలోపల లేచి పోతాడు" అంది శకుంతలమ్మ.

పవిత్ర పకపకా నవ్వింది. మునస్వామి కూడా నవ్వాడు, కానీ భార్య చేతిలోని పొట్లం తీసుకుని, అంతకుముందెన్నడూ చూడనట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వచ్చే నెలనుంచి అంగడి రాబడిలో శకుంతలమ్మకూ వాటా ఉంటుందని అందరి ముందూ అక్కడే చెప్పాడు. తరువాత ధనశేఖర్ వైపు తిరిగాడు.

"రేపట్నుంచి రా నాయనా. తోడుకు ఇంకొకన్ని గూడా సూస్తాను. ఒకటి మాత్రం ఈ పొద్దు తెలిసింది నాకు. ఇంట్లో ఆడోళ్ళు చేసేది పనే అని ఒప్పుకునేదానికి, ఆ పనికి ఇంకొకన్ని ఎతుక్కునేదాకా ఆగగూడదు."