రెక్కల్లేని దండు

ఫోనులో చూసిందల్లా తన చేలోకే వస్తుందని మా ఆయన మద్దిలేటి నమ్మకం. ఎక్కడో ఎడారిలో ఆకాశం నల్లబడేలా మిడతల దండు దిగితే, జనం పళ్లేలు కొట్టి తరిమిన వీడియో ఒకటి చూశాడు. ఆ వారమే ఆళ్లగడ్డ దగ్గరి మా రాళ్ల చేలో జొన్న మొలకలను మిడతలు కొరకడం మొదలుపెట్టాయి. ఇంకేం, నంద్యాల నుంచి పెళ్లిళ్ల సౌండు బాక్సు దిగింది.

విత్తే అదను దాటిపోయింది. ఈ మొలకలు పోతే ఈ ఏడు మాకు జొన్నలూ లేవు, బర్రెలకు చొప్పా లేదు.

నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి మోగిస్తున్నారు. మిడతలు మాత్రం శ్రద్ధగా తింటున్నాయి. ఒకదాన్ని పట్టి చూశాను. వీపు బోడిగా ఉంది.

"ఏమప్పా, వీటికి రెక్కల్లేవు. యాడికి ఎగరమని తరుముతాండావు?"

"నీ కాలేజీ సదువు ఈడ విప్పబాకు. సౌండు సాల్లేదంతే. ఒరే వెంకటేసూ, ఇంగా పెంచురా!"

మా మరిది పెంచాడు. ఒక మిడత పక్కకు జరిగింది.

"సూసినావా వదినా, కదుల్తాండాయి!"

పక్క ఆకు ఇంకా లేతగా ఉన్నట్టుంది.

పక్క చేని లింగమ్మత్తను కోళ్లు అడిగాను. ఆమె గంపలెత్తింది గానీ, ఆ మోతకు కోళ్లు బెదిరి మళ్లీ గంపల కిందికే దూరాయి.

"ముందు ఆ మోత ఆపిచ్చు పాపా. నా కోళ్ల గుండెలు పగుల్తాండాయి."

ఆపమంటే ఆపే మనిషి కాదు మా ఆయన. గెలిచావంటే మాత్రం ఆపుతాడు. పరుగున వెళ్లాను.

"ఏం తరిమినావప్పా! దండంతా దొర్నిపాడు దిక్కు పాయె!"

"చెప్తి గదా!" అని మీసం దువ్వాడు. కాళ్ల దగ్గరికి ఒక్కసారి చూసి ఉంటే దొరికిపోయేదాన్ని. గెలిచినవాళ్లకు కిందికి చూసే అలవాటు ఉండదు. బాక్సు ఎత్తుకుని ఇద్దరూ ఆళ్లగడ్డకు టీ తాగడానికి పోయారు.

కోళ్లను వదిలాం. సాయంత్రానికి అవి మిడతలను తిని తిని నడవలేక గట్టు మీదే కూలబడ్డాయి. మొలకలు ముప్పాతిక నిలిచాయి.

మర్నాడు దొర్నిపాడు నుంచి సంజీవయ్య అనే రైతు ఫోను.

"మద్దిలేటన్నా, నీ పేరు ఈడంతా మోగుతాంది. మా చేలో గూడ తినేస్తాండాయి. బిరీన రాప్పా."

మా ఆయన బాక్సు తుడుచుకుంటూ నన్నూ రమ్మన్నాడు.

"నేనెందుకులే. లింగమ్మత్త కోళ్లను తోడు తీసకపో."

"కోళ్లెందుకే?" అన్నాడు విసుగ్గా. "కోడికూర విందు తరిమినాక గదా!"