పూలపెట్టెలో సూదిమందు

థర్మాకోల్ పెట్టె మూత తీయగానే మల్లెల చల్లదనం ముఖానికి తగిలింది. భానుప్రియ తడిగుడ్డ పక్కకు జరిపి మొగ్గలను చాటలోకి వంచుకుంది. మొగ్గల కింద అరటాకు, ఆకు కింద ఐసు. ఐసు నేరుగా తగిలితే మొగ్గ నల్లబడుతుంది కనుక మధ్యలో ఆకు ఉండాల్సిందే. ఆ ఆకు మీద ఒక మూలన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో సూదిమందు ఉంది. సాయంత్రం వేసుకోవాల్సినది. దాన్ని ముట్టుకోకుండా తడిగుడ్డ కప్పి మూత పెట్టేసింది.

పొద్దున్నే ఆస్పత్రికి పోయి రక్తం ఇచ్చి వచ్చింది. మోచేతి మడతలో దూది ఇంకా అంటుకునే ఉంది. లోపల పెట్టిన పిండం నిలిచిందో లేదో మధ్యాహ్నం ఫోన్ చేసి చెబుతామన్నారు. ఆలోపు ఒక సీమంతానికి పూలజడ పూర్తి చేయాలి. ఖాళీగా కూర్చుని ఎదురుచూడాల్సి వచ్చుంటే తనకు పిచ్చెక్కేదనిపించి, ఆ జడ చెప్పినవాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంది.

తిరుపతి కొర్లగుంటలో వాళ్ళ ఇంటి వసారాయే పూల అంగడి. ఒక పక్క అత్త మునెమ్మ కాళ్ళు చాపుకుని చామంతులు కడుతోంది. మొగుడు మునికుమార్ రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సరుకు దించే పనికి ఎప్పుడో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, తీస్తూ, మళ్ళీ తొడుక్కుంటూ కాసేపు నిలబడ్డాడు. 

భానుప్రియ బంగారుపాళ్యం మామిడితోటల నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు మల్లెకూ జాజికీ తేడా తెలుసు, అంతే. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి మునెమ్మే నేర్పింది. ఇప్పుడు ఆ వీధుల్లో సీమంతమైనా, పెళ్ళైనా భానుప్రియ కట్టిన జడే కావాలంటారు. అట్ట మీద మొగ్గలను వరసలుగా కుట్టి, మధ్యలో కనకాంబరాలు నింపి, అంచుకు మరువం పెడుతుంది. దగ్గరగా చూసినా దారం కనపడదు.

కానీ కట్టిన జడను కడుపుతో ఉన్న పిల్ల తలకు పెట్టి రావడం మాత్రం ఎప్పుడూ మునెమ్మ పనే. అలాగని ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోతూ వచ్చింది. పిల్లలు లేనిదాని చేత శుభకార్యంలో జడ పెట్టించడం అత్తకు ఇష్టం లేదని భానుప్రియ తనంతట తానే అర్థం చేసుకుంది. అడిగి అవుననిపించుకోవడం కన్నా అడక్కుండా ఉండటమే మేలనుకుంది. ఆ ముల్లు మాత్రం లోపల ఉండిపోయింది.

ఈరోజు మునెమ్మ చామంతుల మీంచి తల ఎత్తకుండానే అంది. "జడ నువ్వే తీస్కపో మే. నా మోకాలు పట్టేసింది."

భానుప్రియ చెయ్యి ఆగింది. తెల్లవారుజామున పాలకోసం వీధి చివరిదాకా పోయి, పాలవాడితో తగువాడి వచ్చిన మోకాలే అది. మునెమ్మ మోకాలికి అవసరమైనప్పుడే నొప్పి వస్తుంది.

"నేనా అత్తా?"

"నువ్వే. ఆ పిల్ల చేతి గాజు ఒకటి అడిగి తొడుక్కో. సీమంతం గాజు మంచిది. ఆస్పత్రోళ్ళు వాళ్ళ పని చేసినారు, మన పని మనం చెయ్యల్ల గదా."

అదీ సంగతి. భానుప్రియకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఈ మధ్య రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మందుల వల్ల అలా ఉంటుందని నర్సు కృపామణి మొదటే చెప్పింది. చెప్పినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా?

లోపం ఇద్దరిలోనూ కొంచెం కొంచెం ఉందని డాక్టరమ్మ చెప్పిన రోజున మునికుమార్ దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెబితే మునెమ్మ మాత్రం, "సరిపాయ. మొగుడూ పెండ్లాం సమానంగా పంచుకున్నారు. ఇంక ఒకరినొకరు అనే పని లేదు" అంది. ఆ మాటతో ఇంట్లో గాలి ఆడింది.

తర్వాత సూదిమందులు మొదలయ్యాయి. రోజూ పొట్ట మీద వేసుకోవాలి, మందు చల్లగా ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. పూలపెట్టె ఉంది. ఒకసారి డబ్బా తెరిచి చూపించమన్న కృపామణి వాసన పీల్చి, "ఏమమ్మా, మందు మల్లెపూల వాసనొస్తా ఉండాది" అని నవ్వింది. పొట్ట మీద సూది తనంతట తాను గుచ్చుకోవడం భానుప్రియకు చేతకాలేదు. మునికుమార్ సూది చూస్తేనే గోడకు ఆనుకున్నాడు. అప్పుడు మునెమ్మ ముందుకొచ్చింది. కృపామణి దగ్గర నేర్చుకుని, రోజూ సాయంత్రం చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఫ్యాన్ ఆపి, కోడలి పక్కన కూర్చునేది.

"మొగ్గ నలక్కుండా గుచ్చేదాన్ని, నీకు గుచ్చలేనా? ఊపిరి వదులు" అనేది. నిజంగానే నొప్పి తెలిసేది కాదు.

నొప్పి తెలిసింది తర్వాతే. పొట్ట ఉబ్బి, కింద కూర్చుని వంగలేక, జడలు బల్ల మీద పెట్టి నిలబడి కుట్టింది. లంగా బొందు వదులు చేసుకుంది. గుడ్లు తీసిన రోజు మత్తు వదిలేసరికి నోరు ఎండిపోయి, పొత్తికడుపు పిండేసినట్టుంది. తీసిన గుడ్లలో కొన్నే పిండాలయ్యాయి. వాటిలోనూ మిగతావి ఎదగకుండా ఆగిపోతే, ఒక్కటి మాత్రం బాగుందని లోపల పెట్టారు. పెట్టేటప్పుడు నొప్పి లేదు. తెర మీద ఆవగింజంత తెల్లటి మెరుపు చూపించి, అదిగో అన్నారు. ఆ మెరుపు కళ్ళలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ తర్వాతి రెండు వారాలే కష్టం. అంతకుముందు రోజూ ఏదో ఒకటి చేయాల్సి ఉండేది. ఇప్పుడు ఎదురుచూడటమే పని. రొమ్ములు బరువెక్కాయి, పొద్దునపూట వికారంగా ఉంది. మందుకు కూడా అలాగే ఉంటుంది, నమ్ముకోవద్దని కృపామణి హెచ్చరించింది. భానుప్రియ నమ్ముకుంది. మునికుమార్ పేర్లు కూడా వెతుకుతుంటే, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మునెమ్మ కసిరింది. కానీ పిండం నిలవడానికని కొత్తగా ఇచ్చిన సూదిమందుకు ఐసు అక్కర్లేదన్నా వినకుండా పూలపెట్టెలోనే పెట్టింది. వేసేముందు రెండు అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరిచేది. ఆ కాసేపూ ఆమె పెదాలు కదిలేవి. ఏ దేవుడిని అడిగేదో తెలియదు.

సీమంతం రెండు వీధుల అవతల రుక్మిణమ్మ ఇంట్లో. ఆమె కూతురు లోహితను వెనక గదిలో స్టూలు మీద కూర్చోబెట్టారు. పిల్లకు నెలలు నిండి ఆయాసపడుతోంది. భానుప్రియ పిన్నులు పెదాల మధ్య పట్టుకుని, పైనుంచి కిందికి జడను కుదురుస్తోంది. కట్టిన జడ ఒక తల మీద ఇలా నిండుగా ఉంటుందని ఆమె చూడటం అదే మొదలు. చేతికి పని మీద ప్రేమ కలిగింది.

సగం పెట్టేసరికి ఫోన్ మోగింది. భానుప్రియ కదలలేదు.

"ఎత్తక్కా. నేను కదలను" అంది లోహిత.

పిన్నులు అరచేతిలోకి ఉమ్మి, జడ కొస ఎడమచేత్తో పట్టుకునే ఫోన్ ఎత్తింది.

"భానూ, కృపామణిని. రిపోర్టు వచ్చిందమ్మా." కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "ఈసారి నిలబడలేదు. మందులన్నీ ఈపొద్దుతో ఆపేయి, సూదిమందు కూడా. నాలుగు దినాల్లో బయట చేరతావు. అది అయినాక ఒకసారి రా, డాక్టరమ్మ మాట్లాడతాది. నువ్వు చేసిన తప్పేమీ లేదు, అది మాత్రం మనసులో పెట్టుకోవద్దు."

"సరే అక్కా" అంది భానుప్రియ.

ఫోన్ పెట్టేసి మిగతా పిన్నులు పెట్టింది. చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి. అందుకు వాటి మీద కోపం వచ్చింది. మరువం వాసన గుప్పుమంది. ఆవగింజంత మెరుపు వెళ్ళిపోయింది, ఎప్పుడు వెళ్ళిందో కూడా తనకు తెలియలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. కూరగాయలు తరుగుతున్నప్పుడో, నిద్రలోనో, ఎవరికో మూర కొలిచి ఇస్తున్నప్పుడో వెళ్ళి ఉంటుంది.

రుక్మిణమ్మ వచ్చి జడ చుట్టూ తిరిగి చూసింది. "నీ చేత పెట్టించుకోవడం ఇప్పటికి కుదిరింది. మీ అత్త యాడికి పోయినా నీ మాటే. అంత బాగా కట్టేదాన్ని పంపించొచ్చు గదా అంటే, ఎవరన్నా దాన్ని గొడ్రాలని నోరు జారినారంటే నేను ఆడ సీమంతం జరగనీను, అందుకే నేనొస్తా ఉండాను అనేది."

భానుప్రియ మిగిలిన పిన్నులు ఏరుకుంది. ఇన్నేళ్ళూ లోపల ఉంచుకున్న ముల్లు అది. తీసి చూస్తే ముల్లే కాదు.

లోహిత తన చేతి నుంచి ఆకుపచ్చ గాజు ఒకటి తీసి ఆమె చేతికి ఎక్కించింది. "నీకూ తొందరగా కావల్ల అక్కా." ఆ పిల్ల అరచెయ్యి వెచ్చగా ఉంది. భానుప్రియ ఆ చేతిని ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, వదిలి, వచ్చేసింది.

వసారాలో మునెమ్మ ఎవరికో మల్లెలు కొలుస్తోంది. ముందు కోడలి చేతి గాజు చూసింది, తర్వాత ముఖం చూసింది. కొలుస్తున్న చెయ్యి తప్పింది. మళ్ళీ మొదటినుంచి కొలిచి, పైన ఒక మూర కూడా కలిపి ఇచ్చి పంపించేసింది.

"నిలబడలేదంట అత్తా."

మునెమ్మ వదులైన దారాన్ని ఉండకు చుట్టి పక్కన పెట్టింది. "అన్నం తిన్నావా?" అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. వసారాలో పూల మధ్య కూర్చుని, వీధిలో మనుషులు పోతుండగానే భానుప్రియ ఏడ్చింది. మునెమ్మ ఊరుకోమనలేదు. లేచి వసారా తడిక కొంచెం దించి, వచ్చి మళ్ళీ కూర్చుంది. మునికుమార్‌కు ఫోన్ చేస్తే, "నీకు నొప్పిగా ఉండాదా?" అని మాత్రం అడిగాడు. లేదంది. "వచ్చేస్తా ఉండా" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు భానుప్రియ లోపల చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. పెరట్లో కొళాయి విప్పిన చప్పుడు, సబ్బుపెట్టె చప్పుడు వినిపించాయి. మునెమ్మ వచ్చి ఫ్యాన్ ఆపింది. దూది తీసుకుంది. "ఇట్ల తిరుగు మే" అంది.

భానుప్రియ తిరిగి చూసింది.

మునెమ్మ నిలబడిపోయింది. కడిగిన చేతులు ముందుకు పట్టుకుని ఉన్నాయి, మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలిసినట్టు లేదు. మెల్లగా కోడలి పక్కన కూలబడి, తడిచేతులతోనే ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు కట్టిన జడ బాగుండాదని చెప్పినారా?" అంది కాసేపటికి.

"చెప్పినారు."

"మోకాలు బాగయినా ఇంక నేను పోను. నువ్వే పోతావు."

భానుప్రియ తల ఊపింది. ఫ్యాన్ ఎవరూ వేయలేదు. వసారాలో, మర్నాటి మల్లెల అడుగున, ఐసు కరిగి చెమ్మపట్టిన అరటాకు మీద, ఒక్క సూదిమందు చల్లగా ఉండిపోయింది.