గ్లౌజులు తీసిన ఆదివారం

చెన్నై జార్జి టౌన్‌లో ఆదికేశవులు చీరల కొట్టుకి ఒక మర్యాద ఉంది. రంగు పోదని అక్కడ ఎవరూ నోటితో చెప్పరు. కొంగు చివర తడిపి, చేతికేసి గట్టిగా రుద్ది, ఆ చెయ్యి కొనేవాళ్ల ముందు చాపుతారు. తాతల నాటి అలవాటు. చెయ్యి చూశాకే బేరం.

ఇప్పుడు కొనేవాళ్లలో సగంమంది కొట్టు గడప తొక్కడం లేదు. ఆదివారం పూట ఫోన్‌లో ఏదో ఒక కొట్టు లైవ్ చూసి చీరలు కోరుకుంటున్నారు. తమ కొట్టు లైవ్‌లో చీరలు చూపించే పనిని ఆదికేశవులు కూతురు కోకిల పట్టుపట్టి తెచ్చుకుంది. కొట్లో ఆమె చీర విప్పి రెండు మాటలు చెబితే, వద్దనుకుని వచ్చినవాళ్లు కూడా ఒకటి కొని పోతారు. అంత నేర్పున్న పిల్లకి ఒకటే బెంగ. మోచేతుల నుంచి వేళ్ల దాకా బొల్లి మచ్చలు. కాలేజీలో ఒకమ్మాయి ఆమె అందించిన ఇడ్లీ తీసుకోవడానికి జంకింది. ఆ రోజు నుంచి, చెన్నై ఎండలో కూడా కోకిలవి పొడుగు చేతుల జాకెట్లే.

ఆమె తరఫున లోకంతో పోట్లాడే పని శ్రీప్రియది. చింతాద్రిపేట పిల్ల, బడినాటి స్నేహం. వారమంతా అంబత్తూరులో ఉద్యోగం చేసుకుని, ఆదివారం ఫోన్ పట్టుకుని కోకిల ఎదురుగా నిలబడుతుంది. మొదటి లైవ్ నాడు తెల్ల గ్లౌజులు కొని తెచ్చింది ఆమే.

"వేసుకో మే. నిన్ను ఎవురన్నా ఒక మాటంటే నేను తట్టుకోలేను" అంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు ఇదే. చూసేవాళ్లు చూస్తున్నారు గానీ కొనడం లేదు. కోకిల అన్న యువరాజ్ ఓపిక పట్టలేకపోయాడు. "వచ్చే వారం నుంచి ఎవురైనా మోడల్ పిల్లని పెడతాం. నువ్వు లోపల ప్యాకింగ్ చూసుకో" అన్నాడు. కోకిలకి ఏడుపొచ్చింది. ఆమె జీవితంలో నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న పని అదొక్కటే.

ఆ ఆదివారం ముదురు ఎరుపు నూలుచీర విప్పింది. శ్రీప్రియ కామెంట్లు చదువుతోంది.

"'చీర బాగుండాది. గ్లౌజులెందుకు?'" అని చదివింది. తరువాతది చదివేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. "'రంగు పోతాదనా? ఆదికేశవులు కొట్లో తడి చెయ్యి చూపించేది మానేసినారా?'"

గ్లౌజులు వేసుకోవడం, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. "నా వల్లే మే. ఆపేద్దామా?" అంది శ్రీప్రియ గుసగుసగా.

కోకిలకి ఒళ్లు మండింది. స్నేహితురాలి మీద కాదు, తన మీద. తను చేతులు దాచుకుంటే ఏ పాపమూ ఎరగని చీర నింద మోయాలా? తండ్రి పేరు చెడాలా?

గ్లౌజులు లాగి పక్కన పడేసింది. జాకెట్టు చేతులు పైకి మడిచింది. పక్కనున్న నీళ్ల చెంబులో కొంగు ముంచి, ఎడమచేతి మీద అన్నిటికన్నా తెల్లగా ఉన్న చోటు చూసుకుని, అక్కడే రుద్దింది. మామూలు చేతి మీద పలచటి ఎరుపు దాక్కోవచ్చు. ఆ తెలుపు మీద దేనికీ దాక్కునే చోటు లేదు. ఎరుపు జాడే లేని ఆ చెయ్యి, తెరంతా నిండేలా ఫోన్ దగ్గరికి చాపింది.

"చూడండక్కా. రంగు పోయుంటే ఈడ కనపడి తీరాల."

వెంటనే ఒక కామెంటు వచ్చింది. శ్రీప్రియ చదవలేదు. దాన్ని చెరిపేయబోయింది.

"చెరపబాక. చదువు."

"'చేతికేమయింది?' అంటా ఉండారు" అంది శ్రీప్రియ, తనే తప్పు చేసినట్టు.

"బొల్లి అక్కా" అంది కోకిల, చీర ధర చెప్పినంత తేలిగ్గా. "చానా ఏండ్లుగా ఉండాది. ఎవురికీ అంటేది కాదు. ఈ రకంలోనే పచ్చ చీర కూడా ఉండాది, చూపించేదా?"

పచ్చది కావాలని ఒకరు, ఎరుపుది తమకోసం తీసిపెట్టమని ఇద్దరు రాశారు. వెనక నిలబడ్డ యువరాజ్ మోడల్ పిల్ల ఊసెత్తలేదు. లోపలికి పోయి పచ్చ చీరల కట్ట తనే మోసుకొచ్చాడు.

తెర మీద చిత్రం వణుకుతోంది. కోకిల తల ఎత్తి చూసింది. ఫోన్ వెనక శ్రీప్రియ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏడిస్తే తరువాత ఏడువు మే" అంది కోకిల నవ్వుతూ. "ఇప్పుడు ఫోన్ కదలకుండా పట్టుకో. నా చేతులు బాగా కనపడాల."