ఛాసిస్ మీద నంబరు

బావ తన రెండు సీట్ల కారు అమ్మకానికి పెట్టాడనగానే ఇంట్లో అందరూ దిగులుపడ్డారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

ఆ కారు బ్రిటన్‌లో తయారై అరవై ఏళ్లు దాటింది. అలాంటివి ప్రపంచం మొత్తం మీద నూరు కూడా మిగల్లేదట. తుక్కుగా దొరికిన దాన్ని ఇరవై రెండేళ్ల కిందట బావ తన షెడ్డులో విప్పి, ఒక్కో మరా తుడిచి మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. అంత కిందికి ఉన్న సీట్లోంచి లేవాలంటే మా అక్క వచ్చి చెయ్యివ్వాలి.

నా భయం వేరు. అప్పట్లో నేను షెడ్డులో కొత్త. "ఈ కింది చట్రమే ఛాసిస్. దీనికి పట్టిన తుప్పు గీకు. ఇంజను పక్కన ఎడమవైపు మాత్రం గ్రైండరు పెట్టకు, కంపెనీవాళ్లు కొట్టిన నంబరు అక్కడుంది," అని బావ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. పని ధ్యాసలో పడి నేను సరిగ్గా ఎడమవైపే మొదలుపెట్టాను. గుర్తొచ్చేసరికి అంతా నున్నగా మెరుస్తోంది. గబగబా రంగు పూసేసి, చెయ్యి నొప్పని వంక పెట్టి గ్రైండరు పక్కన పడేశాను. రెండో వైపు బావే ఉప్పుకాగితంతో రుద్దుకున్నాడు.

నంబరు లేకపోతే అది అసలైన కారని ఎవరూ నమ్మరు. బావ కష్టమంతా దొంగసరుకు కింద లెక్క.

పాత కార్లు పరీక్షించే ఆవిడని కొనేవాళ్లు పంపారు. ఆవిడ బానెట్ ఎత్తి, టార్చి వెలిగించి, "నంబరు చూద్దామండి," అంది. ఇక నావల్ల కాలేదు.

"బావా, నంబరు లేదు. ఎడమవైపంతా అప్పుడు నేనే గీకేశాను."

బావ చటుక్కున నా వైపు తిరిగాడు. "ఎక్కడ నిలబడి గీకావురా?" అన్నాడు.

"ఇక్కడే. ఇంజనుకి ఎదురుగా."

బావ మడ్‌గార్డు పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "కారుకి ఎడమంటే డ్రైవరు సీట్లో కూర్చున్నవాడి ఎడమరా. నీ ఎడమ కాదు."

అప్పటికే ఆవిడ అవతలి పక్క వంగి గుడ్డతో జిడ్డు తుడుస్తోంది. "ఉందండి. కాగితాల్లో ఉన్న నంబరే," అంది.

నేను స్టూలు మీద కూలబడ్డాను. ఇన్నేళ్ల పీడ విరగడైంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"అందుకేనా ఒక్కసారి కూడా ఇందులో ఎక్కలేదు?" అన్నాడు బావ. "నడుం నొప్పనీ, గాలి పడదనీ ఎన్ని కథలు చెప్పావురా."

బావ ఆవిణ్ణి పావుగంట ఆగమని, తాళంచెవి నా ఒళ్లో పడేశాడు.

"నువ్వే నడుపు. ఎడమకి తిప్పమన్నప్పుడు ఏ ఎడమో అడిగి మరీ తిప్పు."

బావ పక్క సీట్లో కూర్చున్నాడు. వీధి చివరికి వెళ్లేలోపే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. తిరిగొచ్చేసరికి అక్క గేటు దగ్గర సిద్ధంగా నిలబడి ఉంది. తనని ఆగమని సైగ చేసి, బావకి నేనే చెయ్యిచ్చి లేపాను.